వైపూ గ్రామపు పండుగ – మన శతాబ్దికి ఒక పాఠము

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున జరిగిన సంఘ పెద్దల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటములో నాకిచ్చిన అంశము ‘మన వారసత్వము’. నిజానికి ఇది పండితులు మాట్లాడవలసిన విషయము. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. అందుచేత పాండిత్యము జోలికి పోక, నేను కళ్లారా చూచి వచ్చిన ఒక పండుగను గురించి చెప్పి, దానినుండి మనము నేర్చుకోదగినది ఏమిటో మీ ముందుంచుతాను. ఆ పండుగ మన దేశములోనిది కాదు, మన జాతివారిది కూడా కాదు. అయినా దానిని చూచిన రోజునుండి మన సంఘమును గురించిన ఒక ప్రశ్న నన్ను వదలక వెంటాడుచున్నది.

మొదట యెహోషువ గ్రంథము నాలుగవ అధ్యాయమును జ్ఞాపకము చేసికొందాము. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిన తరువాత నది మధ్యనుండి పన్నెండు రాళ్లు తెచ్చి నిలువబెట్టారు. ఎందుకు? రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగినప్పుడు తండ్రులు జవాబు చెప్పడానికి. గమనించండి, రాళ్లు నిలబెట్టడముతో పని పూర్తి కాలేదు. పిల్లలు అడగాలి, పెద్దలకు జవాబు తెలిసి ఉండాలి. రాయి మిగిలి జవాబు పోతే అది వట్టి రాయే.

పండుగ

మా అబ్బాయి ఉద్యోగరీత్యా న్యూజీలాండు దేశములోని ఆక్లండు నగరములో ఉన్నాడు. మేము అక్కడికి వెళ్లినప్పుడు కొత్త సంవత్సరము వచ్చింది. డిసెంబరు 31 రాత్రి తెలుగువారము కొందరము కూడుకొని, ఇక్కడ వలెనే ప్రార్థన చేసికొని, తెల్లవారి ఒంటిగంటకు పడుకొన్నాము. ఉదయమే మా అబ్బాయి లేపి, “నాన్నా, వైపూ వెళ్దాం, స్కాట్లండు వాళ్ల పండుగ చూద్దురుగాని” అన్నాడు. “ఎటు వైపు?” అన్నాను. “వైపూ వైపే” అన్నాడు. అప్పుడు తెలిసింది, అది ఊరి పేరని! మావోరీ భాషలోని పేరట. ఆ భాషలో ‘వై’ అంటే నీరు.

ఆక్లండుకు ఉత్తరముగా రెండు గంటలలోపు ప్రయాణము. సముద్రమునకు దగ్గరగా పచ్చిక బయళ్ల మధ్య ఉన్న చిన్న ఊరు. ఆ ఊరి మైదానములో 1871లో స్థాపించబడిన కాలిడోనియన్ సంఘమువారు జనవరి 1వ తేదీన హైలండ్ క్రీడలు జరుపుతారు. కాలిడోనియా అనేది స్కాట్లండుకు రోమీయులు పెట్టిన పాత పేరు. జనవరి అంటే ఆ దేశములో ఎండాకాలము. ఎండలో గొడుగులు వేసుకొని కుటుంబములు కుటుంబములుగా గడ్డిమీద కూర్చున్నారు.

జనవరి 1నే ఎందుకు అని అడిగాను. దానికి కారణము ఉన్నది. స్కాట్లండులోని ప్రెస్బిటేరియను సంఘమువారు చాలా కాలము క్రిస్మసును పండుగగా ఆచరించలేదు. లేఖనములో ఆజ్ఞ లేని పండుగ అని వారి అభిప్రాయము. ఆ దేశములో క్రిస్మసు రోజుకు ప్రభుత్వపు సెలవు 1958లో మాత్రమే వచ్చింది. కాబట్టి వారికి ఏడాదికంతటికీ పెద్ద పండుగ కొత్త సంవత్సరమే. వలస వెళ్లినా ఆ అలవాటు వెంట వెళ్లింది.

ఇక ఆటలు. మన తిరునాళ్లలో బండలాగుడు, గుండు ఎత్తుడు పోటీలు చూచినవారికి అవి వింతగా తోచవు. బరువైన రాళ్లు విసరడము, ఇనుప గుండు విసరడము ఉన్నాయి. ఒక ప్రక్క బాలికలు నేలమీద రెండు కత్తులు అడ్డముగా పెట్టి, వాటికి కాలు తగలకుండా నాట్యము చేస్తున్నారు. ఇంకొక ప్రక్క సంచివాద్యము. మన పల్లెల్లో పూర్వము శ్రుతికి పట్టే తోలుతిత్తి ఉండేది గదా, దానికే నాలుగైదు గొట్టములు తగిలించినట్లుంటుంది. ఒకటి వింటే చెవులు గింగురుమంటాయి. ఇరవై కలిసి మోగితే, ఎందుకో తెలియదు, కళ్లు చెమర్చుతాయి. పురుషులు కట్టుకొన్న గళ్లబట్టను చూచి మా ఆవిడ, “అచ్చం మన చీరాల లుంగీ గళ్లలాగే ఉన్నాయే” అన్నది.

అన్నిటికన్న నన్ను ఆకర్షించినది దుంగ విసిరే పోటీ. కేబర్ అంటారు. ఐదారు మీటర్ల పొడవు గల చెట్టుమానును ఒక మనిషి క్రిందినుండి అరచేతులలో నిలువుగా ఎత్తి పట్టుకొంటాడు. కొంత దూరము పరుగెత్తి పైకి విసురుతాడు. అది గాలిలో తలక్రిందులై, పై కొన నేలకు తగిలి, అవతలికి పడాలి. ఎవరు దూరము విసిరితే వారు గెలిచినట్లు అనుకొన్నాను. కాదట. ఎంత దూరము పడినది ఎవరూ కొలవరు. విసిరినవాని ముందు ఎంత తిన్నగా పడినది అనేదే లెక్క. గడియారములో పన్నెండు గంటల ముల్లు వలె సూటిగా పడితే పూర్తి మార్కులు. ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నానో చివరకు మీకే తెలుస్తుంది.

మధ్యాహ్నము మా మనుమరాలు, తొమ్మిదేళ్ల పిల్ల, నా చెయ్యి పట్టుకొని ఊరిలోని స్మారక స్తంభము వద్దకు తీసికొని వెళ్లింది. దానిమీద ఆరు ఓడల పేర్లున్నాయి. ఆ ఊరివారి పూర్వికులు ఏ ఓడలో వచ్చారో చిన్నపిల్లలు కూడా చెప్పగలరట. ఆ పిల్ల నన్ను అడిగింది: “తాతయ్యా, మన వాళ్ల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి?”

సహోదరులారా, ఆ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు తరువాత చెప్పుతాను. ముందు ఆ ఆరు ఓడల కథ వినండి.

ఓడలెక్కిన సంఘము

స్కాట్లండు ఉత్తర భాగములో సదర్లండు అనే ప్రాంతము ఉన్నది. ఆనాడు అక్కడి వారి భాష ఇంగ్లీషు కాదు, గేలిక్. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభములో అక్కడి జమీందార్లు, మనుష్యులకన్న గొర్రెలవలన ఎక్కువ ఆదాయము వస్తుందని, తరతరాలుగా సాగుచేసికొంటున్న కౌలుదార్లను ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లోను, 1819లోను ఇండ్ల కప్పులకు నిప్పు పెట్టించారు. మనము సిగ్గుతో గుర్తుంచుకోవలసిన మాట ఒకటున్నది. జమీందార్ల వలన జీవనము పొందుచున్న పాదిరులలో చాలామంది ఆ దినములలో పేదల పక్షమున నిలువలేదు. కొందరైతే ఇది మీ పాపములకు శిక్ష అని ప్రసంగించారు.

ఆ సదర్లండులోని అస్సింట్ అనే చోట 1780లో నార్మన్ మెక్లౌడ్ అనే ఆయన పుట్టాడు. అబెర్డీన్ విశ్వవిద్యాలయములో చదివాడు. ఎడింబరోలో దైవశాస్త్రము చదువుతూ, ఆనాటి సంఘములోని చల్లదనమును, లోకాశను సహించలేక మధ్యలోనే విడిచిపెట్టాడు. ఉల్లాపూల్‌లో ఉపాధ్యాయుడుగా పనిచేస్తూ అక్కడి గురువుగారితో విరోధము తెచ్చుకొన్నాడు. 1817లో ఓడ ఎక్కి కెనడాలోని నోవా స్కోషియాకు వెళ్లాడు. ఆ పేరునకు ‘కొత్త స్కాట్లండు’ అని అర్థము. పిక్టూ అనే రేవులో దిగి గేలిక్ భాషలో ప్రసంగిస్తూ ఉంటే, ఊరు పోగొట్టుకొన్న జనము ఆయన చుట్టూ చేరారు. అక్కడినుండి అమెరికాలోని ఒహాయోకు వెళ్లాలని వారు స్వయముగా ఒక ఓడ కట్టుకొన్నారు. చుట్టుప్రక్కల వారు దానిని ‘నోవహు ఓడ’ అని వెక్కిరించారు. అయితే వారు ఒహాయో చేరలేదు. 1820లో కేప్ బ్రెటన్ ద్వీపములో సెయింట్ ఆన్స్ అనే చోట స్థిరపడ్డారు. అడవి కొట్టి పొలములు చేసి, గుడి కట్టి, ముప్పది సంవత్సరములు అక్కడ జీవించారు.

1840ల చివర బంగాళాదుంప పంటకు తెగులు పట్టి కరవు వచ్చింది. ఆ సమయములోనే ఆస్ట్రేలియాలోని అడిలైడు నుండి మెక్లౌడు కుమారుని ఉత్తరము అందింది. ఈ దేశము బాగున్నదని దాని సారాంశము. అప్పటికి మెక్లౌడుకు డెబ్బదియేండ్ల వయస్సు. అబ్రాము హారాను విడిచినప్పుడు అతని వయస్సు డెబ్బదియైదు గదా! మళ్లీ ఓడ కట్టారు. దాని పేరు మార్గరెట్. 1851 అక్టోబరులో సుమారు 140 మంది బయలుదేరి 1852 ఏప్రిల్‌లో అడిలైడు చేరారు. తీరా చూస్తే ఉత్తరము రాసిన కుమారుడు అక్కడ లేడు. మెల్బోర్ను వెళ్లిపోయాడు. మెల్బోర్నులో బంగారపు గనుల రద్దీ, గుడారముల బ్రతుకు, విషజ్వరము. ఆ జ్వరమునకు ముసలి గురువు కుమారులు ముగ్గురు చనిపోయారు.

అంతటితో కూలిపోవలసిన మనిషి కూలిపోలేదు. న్యూజీలాండు గవర్నరు సర్ జార్జి గ్రేకు ఉత్తరము రాసి, తన జనమంతా ఒక్కచోట కాపురముండుటకు నేల అడిగాడు. 1854 నుండి వైపూలో వారి కాపురము ఆరంభమైనది. కెనడాలో మిగిలినవారు కూడా కబురందుకొని, 1860 వరకు మరి ఐదు ఓడలలో వచ్చారు. అందరూ కలిసి 800 మందికి పైగా. 1866 మార్చిలో, ఎనుబదియైదేండ్ల వయస్సులో, మెక్లౌడు అక్కడే నిద్రించాడు. ఆయన చనిపోయిన ఐదు సంవత్సరములకు, నేను చెప్పిన కాలిడోనియన్ సంఘము పుట్టింది.

ఒక జనము మూడు ఖండములు, రెండు మహాసముద్రములు దాటి, ఒకే గురువు వెనుక, ఒకే భాషలో ప్రార్థన చేస్తూ నడిచిన కథ ఇది. వినగానే నిర్గమకాండము జ్ఞాపకము వస్తుంది. నేను కూడా అలాగే పొంగిపోయాను. కాని ఆ ఊరి వస్తుప్రదర్శనశాలలోనికి వెళ్లిన తరువాత కథకు రెండవ ప్రక్క ఉన్నదని తెలిసింది.

రెండవ ప్రక్క

ఆ ఊరివారు 1953లో తమ వలసకు నూరేండ్లు నిండినప్పుడు మన వలెనే శతాబ్ది జరుపుకొన్నారు. ఆ సందర్భమున ‘జ్ఞాపకాల ఇల్లు’ అని ఒక చిన్న ప్రదర్శనశాల తెరిచారు. ఇంటింటినుండి పాత ఉత్తరములు, బైబిళ్లు, పనిముట్లు సేకరించి అందులో పెట్టారు. నేడు అది పెద్దదైనది.

మెక్లౌడు గొప్పవాడే గాని సాత్వికుడు కాడు. సెయింట్ ఆన్స్‌లో ఆయనే గురువు, ఆయనే బడిపంతులు, ఆయనే న్యాయాధిపతి. మూడు అధికారములు ఒక్క చేతిలో ఉంటే ఏమగునో మనకు తెలియనిది కాదు. ప్రసంగపీఠమునుండి మనుష్యులను పేరుపెట్టి తిట్టేవాడు. దొంగతనము చేశాడన్న అనుమానముతో ఒక కుర్రవాని చెవి కొన కోయించాడనియు, తరువాత ఆ పిల్లవాడు నిర్దోషియని తేలినదనియు నేటికిని చెప్పుకొంటారు. ఆయన వెంట వచ్చినవారి సంతానమే ఈ సంగతి దాచకుండా చెప్పుకొంటున్నారు.

ఇంకొక సంగతి. వారు వచ్చిన నేల ఖాళీ నేల కాదు. అది మావోరీ ప్రజలది. ప్రభుత్వము వారినుండి కొని వలసదారులకు ఇచ్చింది. ఒకనాడు తమ నేలనుండి గెంటివేయబడినవారు, ఇంకొక జాతివారు కోల్పోయిన నేలమీద కాపురము పెట్టారు. ఊరి పేరు మాత్రము మావోరీ పేరుగానే మిగిలింది. పిలిచిన ప్రతిసారి ఆ పేరే సాక్ష్యము చెప్పుచున్నది.

మూడవది, నన్ను ఎక్కువ బాధించినది. ఏ భాషలో ప్రసంగము వినుటకై వారు సముద్రములు దాటారో, ఆ గేలిక్ భాష ఆ ఊరి ఇండ్లలో నేడు మాట్లాడే భాష కాదు. గళ్లబట్ట మిగిలింది, సంచివాద్యము మిగిలింది, దుంగ మిగిలింది. తాతలు ప్రార్థన చేసిన మాట మాత్రము పోయింది. కెనడాలో వారు విడిచి వచ్చిన సెయింట్ ఆన్స్‌లో 1938లో గేలిక్ కళాశాల ఒకటి స్థాపించి ఆ భాషను మళ్లీ నేర్పుచున్నారు. ఇంటిలో అమ్మ ఒడిలో ఉచితముగా దొరికేదానిని, పోగొట్టుకొన్న తరువాత బడికి వెళ్లి కష్టపడి నేర్చుకోవలసి వస్తుంది.

గళ్లబట్టకు దీవెన

అమెరికాలోని స్కాట్లండువారి ఆచారమొకటి కూడా మన ఆలోచనకు పనికివస్తుంది. స్కాట్లండువారి భాషలో ‘కిర్క్’ అంటే సంఘము, గుడి. అమెరికాలో అనేక చోట్ల ఏడాదికొకసారి, ఒక్కొక్క వంశమువారు తమ వంశపు గళ్లబట్టను గుడిలోనికి తెస్తారు. గురువుగారు దానిమీద ప్రార్థన చేసి దీవిస్తారు. కొన్ని చోట్ల ఇది పండుగ ఆదివారపు ఆరాధనలో భాగము. నార్త్ కరొలైనా రాష్ట్రములో గ్రాండ్‌ఫాదర్ పర్వతము వద్ద 1956 నుండి జరుగుచున్న క్రీడోత్సవములో, మొదటి రాత్రి ఒక్కొక్క వంశపు ప్రతినిధి దివిటీ పట్టుకొని తమ వంశము వచ్చినదని పేరు పలుకుతాడట.

ఈ బట్ట దీవెన ఎప్పటిది? చాలామంది చెప్పే కథ ఇది. 1745లో హైలండ్ జనము రాజుపై తిరుగుబాటు చేసి ఓడిపోయారు. తరువాత వచ్చిన చట్టము ప్రకారము, సైన్యములో ఉన్నవారు తప్ప, అక్కడి పురుషులు ఆ వేషము ధరించరాదు. మొదటి తప్పుకు ఆరు నెలల చెర. రెండవసారి దొరికితే ఏడేండ్లు దేశాంతరవాసము. 1747 నుండి 1782 వరకు ఈ నిషేధము ఉన్నమాట నిజము. ఆ కాలములో జనము గళ్లబట్ట ముక్కను లోపల దాచుకొని గుడికి వచ్చి, దీవెన పలికే సమయమున దానిని రహస్యముగా ముట్టుకొనేవారట.

కథ బహు చక్కగా ఉన్నది. అయితే దానికి చరిత్రలో ఆధారము లేదు. ఆ ఆరాధనను ఆరంభించినది పీటర్ మార్షల్ అనే గురువు. ఆయన స్కాట్లండులో 1902లో పుట్టి, 1927లో అమెరికాకు వలస వెళ్లి, వాషింగ్టనులోని న్యూయార్క్ అవెన్యూ ప్రెస్బిటేరియను గుడికి కాపరిగా ఉండి, తరువాత అమెరికా సెనేటుకు గురువైనవాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో, కష్టములో ఉన్న బ్రిటనుకు సహాయము పోగుచేసే దినములలో, ఆయన ఈ ఆరాధన పెట్టాడు. ఆ మాటకు వస్తే, ఒక్కొక్క వంశమునకు ఒక్కొక్క గళ్ల రకము అనే ఏర్పాటు కూడా చాలామట్టుకు పందొమ్మిదవ శతాబ్దములో స్థిరపడినదే. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు, నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్ ఆ ఉత్సవమునకు అందరినీ గళ్లబట్టలలో రప్పించాడు. అప్పటినుండి ఆ మోజు పెరిగింది.

అయితే ఆ ఆరాధన అబద్ధమా? నేను అలా అనను. పరదేశములో ఉన్నవాడు, యుద్ధములో చిక్కిన తన తల్లిదేశము కొరకు చేసిన ప్రార్థన నిజమైన ప్రార్థనే. దానికి పాత కథ ఒకటి తగిలించి, అది అనాదినుండి ఉన్నదని చెప్పనక్కరలేదు. నిన్న మొదలైన మంచి ఆచారమును నిన్న మొదలైనదని చెప్పినంత మాత్రాన దాని విలువ తగ్గదు.

మనకూ వారికీ

“పంతులుగారూ, ఇదంతా ఎక్కడి స్కాట్లండు, ఎక్కడి మనము?” అని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. సంబంధము లేకపోలేదు.

మెక్లౌడు పుట్టిన తీరమునకు ఎదురుగా, సముద్రపు పాయకు అవతలి ఒడ్డున, లూయిస్ ద్వీపములో స్టోర్నొవే అనే రేవు ఉన్నది. కర్నల్ కాలిన్ మెకంజీ ఆ ఊరివాడు. ఏలూరు ప్రాంతపు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సహాయముతో మన తెలుగు గ్రామముల చరిత్రలను, శాసనములను సేకరింపజేసినది ఆయనే. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కైఫీయతులు అని నేడు పరిశోధకులు వెదకి చదివేవి ఆ కాగితములే. తన ద్వీపము విడిచి వచ్చిన ఒక గేలిక్ జాతివాడు, మన ఊరి కరణమును కూర్చోబెట్టి, ‘మీ ఊరి కథ ఏమిటి?’ అని అడిగించాడు. అడిగాడు గనుక మిగిలింది.

మదరాసులో 1837లో జాన్ ఆండర్సన్ అనే స్కాట్లండు మిషనరీ ప్రారంభించిన బడి తరువాత మదరాసు క్రైస్తవ కళాశాల అయినది. దోర్నకల్ మొదటి బిషప్ అజరయ్యగారు అక్కడ చదివినవారే. 1910లో ఎడింబరో నగరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినప్పుడు, ఆయన అక్కడ నిలువబడి, మిషనరీలు ఎంతో త్యాగము చేశారని ఒప్పుకొంటూనే, మాకు కావలసినది స్నేహితులు అని నిర్భయముగా చెప్పారు. ఆ మాట కొందరికి కష్టమైనది. అయినను 1912 డిసెంబరు 29న ఆయన కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్ మన తెలుగు నేలకే వచ్చారు. కృతజ్ఞతయు సత్యమును ఒకే నోట పలుకవచ్చునని ఆయన ఎడింబరోలో మనకు చూపించారు.

వలస కూడా మనకు కొత్త కాదు. 1860 నుండి మదరాసు రేవులో ఓడలెక్కి, దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీలలో తెలుగువారు అనేకులు. వారికొరకు 1903లో నెల్లూరు ప్రాంతపు బాప్తిస్టు సంఘములు రెవరెండు జాన్ రంగయ్యగారిని మిషనరీగా పంపాయి. ఆ సంవత్సరమే కియర్స్నీ అనే చోట తెలుగు సంఘము ఏర్పడింది. బీద తెలుగు సంఘములు కానుకలు పోగుచేసి సముద్రముమీద సేవకుని పంపిన కథ అది. మెక్లౌడు ఓడల కథ ఎంత గొప్పదో ఇదియు అంత గొప్పది. అయితే మన పిల్లలలో ఎంతమందికి తెలుసు?

మనుమరాలి ప్రశ్న

ఇప్పుడు మా మనుమరాలి ప్రశ్నకు వస్తాను. మన వాళ్ల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి అని ఆ పిల్ల అడిగినప్పుడు, “గుడి రిజిస్టరులో ఉన్నాయమ్మా” అని చెప్పాను. ఇండియా తిరిగి రాగానే మా స్వగ్రామమునకు వెళ్లి ఆ బాప్తిస్మముల రిజిస్టరు తీయించాను. మొదటి పుటలు చెదలు తిన్నాయి. మిగిలిన పుటలలో మా ముత్తాతగారి పేరు దొరికింది. ఆ ప్రక్కన ‘భార్య’ అని మాత్రమే ఉన్నది. ఆమెకు పేరు లేదు. కుటుంబమంతటిలో మొదట ప్రభువును నమ్మినది ఆమెయేనని, నాట్లు వేసే చోట ఒక బైబిలు స్త్రీ పాడిన పాట విని ఆమె కదిలినదని, మా నాయనమ్మ చెప్పేది. ఆ ముత్తవ్వ పేరు లేదు, ఆ బైబిలు స్త్రీ పేరు లేదు. నేను బడిపంతులునై ఉండి, మా నాయనమ్మ బ్రతికియుండగా ఒక్కసారి కూడా అడిగి రాసుకోలేదు. ఈ తప్పు దొరలది కాదు, చెదలది కాదు, నాది.

ఇంకొక మాట కూడా చెప్పవలెను. నా చిన్నతనములో ఆ గుడిలోనే రెండు చాపలు పరిచేవారు. ఎవరు ఏ చాపమీద కూర్చుండవలెనో ఎవరూ చెప్పనక్కరలేదు. ప్రభువు రాత్రి భోజనపు పాత్ర కూడా ముందు ఒక చాపవారికి, తరువాతనే రెండవ చాపవారికి అందేది. నేను ముందు తీసికొనే చాపమీద కూర్చున్నవాడిని. అందులో తప్పున్నదని నాకు ఇరవై యేండ్లు వచ్చేవరకు తోచలేదు. ఊరి పేరు చెప్పను. చెప్పనక్కరలేదు కూడా. మీలో పెద్దలైనవారు తలలు వంచుకొనుచున్నారు, నేను చూచుచున్నాను.

మన శతాబ్ది సంచికలో బిషప్పుల ఫొటోలు ఉంటాయి, గుడుల ఫొటోలు ఉంటాయి, కట్టిన ఆసుపత్రుల, బడుల లెక్కలు ఉంటాయి. ఉండవలసినదే. దేవునికి కృతజ్ఞత చెల్లింపవలసినదే. అయితే ఆ పేరులేని స్త్రీలు, ఆ రెండు చాపలు కూడా మన వారసత్వములోనివే. వైపూవారు తమ గురువు కాఠిన్యమును దాచలేదు. దాచనందువలన వారి పండుగ చిన్నబోలేదు. పైగా నావంటి పరదేశికి వారిమీద గౌరవము కలిగినది అందువల్లనే.

మూడు విన్నపములు

ఈ సభవారికి నేను మూడు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది, ఒక్కొక్క పాస్టరేటులో ఇద్దరు యౌవనస్థులను నియమించి, ఎనుబదియేండ్లు దాటిన ప్రతివారి వద్దకు పంపండి. ఉపదేశకుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు, బోర్డింగు బడి పంతుళ్ల పేర్లు, ఊరిలో మొదట నమ్మినవారి పేర్లు, ముఖ్యముగా స్త్రీల పేర్లు రాయించండి. ఈ రోజు ఫోనులోనే మాట రికార్డు చేయవచ్చును. ఖర్చు లేదు. ఆలస్యము చేస్తే మాత్రము ఎంత ఖర్చు పెట్టినా దొరకదు.

రెండవది, పాత రిజిస్టర్లను చెదలనుండి తప్పించి, ఫొటోలు తీయించి ఒకచోట భద్రపరచండి. 1953లో ఒక చిన్న పల్లెటూరు చేసిన పని మన అధ్యక్ష ఖండము చేయలేదా?

మూడవది, విదేశములలో ఉన్న మన పిల్లలకు తెలుగులో ఒక ప్రార్థన, పది కీర్తనలు నేర్పండి. పండుగనాడు పట్టుచీరలు, పంచెలు, పులిహోర, గారెలు అక్కడ కూడా ఉంటాయి. అవి గళ్లబట్ట వంటివి, సులభముగా మిగులుతాయి. భాష అలా మిగలదు. మా మనుమరాలు తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. సెలవు దినములలో ఇప్పుడు ఫోనులో నేనే అక్షరములు చెప్పుచున్నాను. ఒత్తుల దగ్గర ఆగిపోయింది. ఆగినా విడువలేదు.

ఇక ఆ దుంగ సంగతి చెప్పి ముగిస్తాను. నూరేండ్లనాడు మన పెద్దలు ఒక బరువును ఎత్తి విసిరారు. అది ఎంత దూరము పడింది, ఎన్ని గుడులు, ఎంతమంది సభ్యులు అని ఈ ఉత్సవములలో మనము లెక్కించుచున్నాము. ఆ మైదానములోని న్యాయనిర్ణేత దూరము కొలవలేదు. తిన్నగా పడిందా అని మాత్రమే చూచాడు. మనలను చూచే న్యాయాధిపతి కూడా అదే చూచునని నా నమ్మకము. మన మాట తిన్నగా ఉన్నదా? మన జ్ఞాపకము తిన్నగా ఉన్నదా? పాత్ర అందించునప్పుడు మన చెయ్యి తిన్నగా ఉన్నదా?

రేపు మన పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగినప్పుడు, పేర్లతో సహా, తప్పులతో సహా జవాబు చెప్పగల కృపను ప్రభువు మనకు అనుగ్రహించును గాక.  దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.